చేతులెత్తే బడి

కోటప్పకొండ త్రికోటేశ్వరుడి సాక్షిగా చెబుతున్నాను, ఇక్కడ రాయబోయేదంతా అక్షరాలా జరిగినదే. నన్నెరిగినవాళ్లు ఈ వాక్యం చదవగానే పక్కవాళ్ల మొహం చూసి నవ్వుతారని నాకు తెలుసు. (మా ఇంట్లో నేను వాన పడుతోందన్నా, కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి తడి తగిలితే గాని నమ్మరు.) అయినా సరే, ఒట్టు ఒట్టే. ఆ రోజుల్లో, అంటే ఎనభైల్లో, మా పల్నాడులో అబద్ధాలతో పెద్దగా పని ఉండేది కాదు. జరిగింది జరిగినట్టు చెప్పినా గుంటూరువాళ్లు నమ్మేవాళ్లు కాదు. సాగరు కాలవ నీళ్లొచ్చి, మిరపా పత్తీ ఊపందుకుని, ఊరూరా ఎరువుల కొట్లూ, ఊరూరా ఒక సహకార సంఘమూ వెలసిన కాలం అది. ఆ సంఘాలవాళ్లకు సంఘం నడపడమెలాగో నేర్పడానికి విశ్వవిద్యాలయం వారు నరసరావుపేటలో ఒక సంస్థ పెట్టారు. వ్యవసాయం, సహకారం, అధ్యయనం, శిక్షణ అన్నీ కలిసిన దాని పేరు బోర్డు మీద పట్టక చివరి అక్షరాలు చిన్నవై, పక్కకు ఒరిగి, ఆఖరికి చెక్క అంచు మీదికి ఎక్కేవి. జనం అంత దూరం చదవలేదు. "చేతులెత్తే బడి" అని ఊరుకున్నారు. నా మొదటి ఉద్యోగం అందులోనే. పేరుకు తాత్కాలిక క్షేత్ర సహాయకుణ్ణి, పనికి చుట్టచుట్టిన చార్టులు మోసేవాణ్ణి.

ఆ సంస్థ చరిత్ర రాయమంటే ఒక్క మనిషి గురించి రాస్తే సరిపోతుంది. ఆయన మా మాస్టారు. విశ్వవిద్యాలయంలో హాయిగా ఫ్యాను కింద పాఠాలు చెప్పుకోవలసిన ప్రొఫెసరు, "రైతుల సంఘాల గురించి రైతుల్లేని చోట పాఠమేమిటి?" అని పట్టుబట్టి మా ఊరొచ్చి పడ్డారు. మొదట పురుగుమందుల కొట్టు మీది మేడగది అద్దెకు తీసుకున్నారు. ఆ ఘాటుకు శిక్షణకొచ్చిన ప్రెసిడెంట్లంతా కళ్లు తుడుచుకుంటూ వినేవారట. కింద రోడ్డు మీద పోయేవాళ్లు, పాపం లోపల ఎవరో పోయారనుకుని చెప్పులు విడిచి పైకొచ్చేవారట. తరువాత మూతబడిన ఒక జిన్నింగు మిల్లు షెడ్డులోకి మారారు. మిల్లు మూతబడింది గాని దూది మాత్రం వాసాల్లోంచి రాలుతూనే ఉండేది. మధ్యాహ్నమయ్యేసరికి పాఠం చెప్పే మాస్టారికీ వినే పడుచువాళ్లకీ ఒకే వయసొచ్చేది, అందరికీ తల నెరిసిపోయి.

మాస్టారి పాఠానికి ఒక పద్ధతుంది. ఆయన దృష్టిలో సంఘమంటే గోడౌనూ కాదు, ఎరువూ కాదు. సర్వసభ్య సమావేశంలో ఒక మామూలు సభ్యుడు లేచి నిలబడి "నాకిది ఇష్టం లేదు" అనగలగడం. అంతే. అది అలవాటు చెయ్యడానికి టీని వాడుకున్నారు. సాయంత్రం టీ కావాలంటే ఒకరు ప్రతిపాదించాలి, ఇంకొకరు బలపరచాలి, ఎవరో ఒకరు లేచి వ్యతిరేకించాలి, ఎందుకో చెప్పాలి, అప్పుడు చేతులెత్తి లెక్కపెట్టాలి. వ్యతిరేకించే మనిషి లేకపోతే టీ రాదు. పల్నాడు మొత్తంలో మీసం మెలేసే ప్రెసిడెంట్లంతా ఆ షెడ్డులో కూర్చుని, "అన్నా, నువ్వు కాదనవయ్యా, నాలుక పిడచకట్టుకుపోతంది" అని ఒకరినొకరు బతిమాలుకునేవారు. ఒకాయన లేచి, "టీ వద్దు, నాకు కాఫీ అలవాటు" అని వ్యతిరేకించాడు. మాస్టారు పొంగిపోయి ఆయనకు సొంత డబ్బుతో కాఫీ తెప్పించారు.

అలాంటి సంస్థకు ఒక ఆపద వచ్చింది. అద్దె షెడ్డులో, ఒకే ఒక ప్రొఫెసరుతో, దూది పీలుస్తూ నడిచే ఈ శాఖ మనకు అవసరమా, ఎత్తేసి ప్రధాన ఆవరణలో కలిపేస్తే పోదా అని విశ్వవిద్యాలయంలో పెద్దలకు తోచింది. చూసి రమ్మని ఒక కమిటీని వేశారు. ఆ కమిటీ పెద్దాయన చలువ కళ్లద్దాలతో జీపు దిగి, షెడ్డంతా తిరిగి, భుజం మీది దూది దులుపుకుంటూ అన్నాడు: "ప్రొఫెసరు గారూ, నేను చాలా సంఘాలు చూశాను. ప్రెసిడెంటు దగ్గుతాడు, సభ్యులు తల ఊపుతారు. మీరిన్నేళ్లు చెప్పిన పాఠం వల్ల ఒక్క ఊళ్లో, ఒక్క సభ్యుడు, ప్రెసిడెంటు మొహమ్మీద కాదన్నది చూపించండి. ఈ సంస్థ ఇక్కడే ఉండాలని నేనే రాస్తాను." మాస్టారు వెంటనే సరేనన్నారు. నాకేసి తిరిగి, "ఏమోయ్, మీ మావయ్య ఊళ్లో సమావేశం ఉందన్నావుగా? అక్కడికే వెళదాం. కానీ వాళ్లకేమీ చెప్పకు. ఎలా జరిగేది అలాగే జరగాలి" అన్నారు.

బెల్లంకొండ పక్కన మా మావయ్య ఊరి సంఘానికి, సంఘం పుట్టినప్పటి నుంచీ మావయ్యే ప్రెసిడెంటు. ఆయన చేతులెత్తే బడిలో చదివిన మాట నిజమే, టీకి మహా చక్కగా ఓటేసేవాడు. కానీ ఊళ్లో ఆయన ముందు కాదన్న వాణ్ణి నేనింతవరకూ చూడలేదు. ఎలా జరిగేది అలాగే జరిగితే మా మాస్టారు ట్రంకుపెట్టె సర్దుకోవడమే. ఆయనకు పిల్లల్లేరు, ఉన్న ముచ్చటల్లా ఆ షెడ్డు. ఆ సాయంత్రం నేను బస్సెక్కి మావయ్య ఇంటికి పోయి సంగతంతా చెప్పాను. ఆయన తువ్వాలు భుజం మార్చుకుని, "కాదనేవోడు కావాలా? మా ఊళ్లో అట్టాంటోడు ఇంకా పుట్టలేదురా అబ్బాయ్" అన్నాడు, అదేదో మంచి దిగుబడి గురించి చెప్పినట్టు.

"పుట్టకపోతే మనమే పుట్టిద్దాం మావయ్యా," అన్నాను. నాటకం రాయడం నాకు అప్పటికే అలవాటు. విషయం కూడా సిద్ధంగానే ఉంది. సంఘానికి కొత్త గోడౌను కట్టబోతున్నారు. స్థలానికి ఒక పక్క రోడ్డు, ఇంకో పక్క ఊరందరూ నీళ్లు కొట్టుకునే బోరింగు. తలుపు బోరింగు వైపు పెట్టాలని మావయ్య. (అటైతే ఆయన అరుగు మీద కూర్చునే ఎవరొచ్చారో ఎవరు పోయారో చూసుకోవచ్చు.) నా నాటకంలో మావయ్య ప్రతిపాదిస్తాడు, ఒకరు లేచి గట్టిగా వ్యతిరేకిస్తారు, మావయ్య సమాధానం చెబుతాడు, అందరూ చేతులెత్తుతారు, తీర్మానం నెగ్గుతుంది, కమిటీ మురిసిపోతుంది. వ్యతిరేకించే వేషానికి కిరాణా కొట్టు బాబాయిని పట్టాను. ఆయనకు చారెడు మిరపచేనుంది, సంఘంలో సభ్యుడు. జన్మలో ఎవరినీ నొప్పించని మనిషి, బెల్లంలో చీమలు పడితే వాటిని కూడా బతిమాలి పంపేవాడు.

మావయ్య గొడ్ల సావిడి ముందు రిహార్సలు మొదలయింది. బాబాయి లేచి చేతులు కట్టుకుని, "అన్నా, నువ్వు చెప్పింది చానా సబబుగా ఉంది. కాకపోతే నేను ఒప్పుకోటల్లా. తప్పయితే కడుపులో పెట్టుకో" అన్నాడు.

"అట్టా కాదు బాబాయ్, కొంచెం కోపం కావాల."

బాబాయి కళ్లు గట్టిగా మూసుకుని, "తలుపు అటు పెట్టటానికి వీల్లేదు!" అన్నాడు.

మావయ్య మంచమ్మీంచి దిగ్గున లేచాడు. "ఏందిరా వీల్లేనిది? ఎవురితో మాట్టాడతన్నావ్?"

"నువ్వే కదన్నా అనమంది!"

"అనమంటే అనెయ్యటమేనా?"

ఇలా ఎన్నిసార్లు చేసినా ఇదే వరస. బాబాయి కాదనడం, మావయ్య నిజంగానే మీదికి పోవడం, నేను మధ్యలో పడి ఇద్దరికీ మజ్జిగ తాగించడం. ఆ పక్కనే మా అత్త చాప పరుచుకుని పండుమిరపకాయల తొడిమలు తీస్తోంది. తొడిమ తీసే చెయ్యి ఉన్నట్టుండి ఆగింది.

"ఒరేయ్ అబ్బాయ్, తలుపు బోరింగు కాడికా పెడతన్నారు?"

"నీకెందుకే, ఇది నాటకం" అన్నాడు మావయ్య.

"నాటకంలో పెట్టిన తలుపు తెల్లారి నిజం తలుపవుద్దా, కాదా?"

తీర్మానం నెగ్గితే నిజమేనని నేనొప్పుకున్నాను. అత్త మళ్లీ తొడిమలు తీస్తూ, ఎటో చూస్తూ అడిగినట్టు, "చేతులు ఎవురెత్తాల?" అంది. సభ్యులత్తా అన్నాను. "నేనూ సభ్యురాల్నే అంటగదా? ఎప్పుడో సంతకం పెట్టిచ్చుకున్నాడు మీ మావయ్య." అవునన్నాను. ఆమె ఇంకేం అడగలేదు. మిరపకాయల ఘాటుకు కాబోలు, నేనూ ఇంకేం ఆలోచించలేదు.

ఇక్కడ మా ఊళ్ల ఆచారం ఒకటి చెప్పకపోతే ముందుకు కథ నడవదు. భూమి సీలింగు చట్టం వచ్చినప్పుడు, పొలం ఎక్కడ పోతుందోనని మగవాళ్లంతా పరుగెత్తి కొంతకొంత భార్యల పేర రాయించారు. ఆ పొలం మీద సంఘంలో పంట అప్పు పుట్టాలంటే భార్య సభ్యురాలై ఉండాలి గనక, చేర్పించారు. మరి సమావేశానికి? ఆడవాళ్లు వచ్చేదేముంది, మగాడు వెళ్లి కుడిచెయ్యి తన తరఫునా, ఎడంచెయ్యి భార్య తరఫునా ఎత్తేవాడు. అందులో మోసమేమీ లేదు. సభ్యత్వానికి ఒక ఓటు, ఓటుకు ఒక చెయ్యి అని మాస్టారు చెప్పిన పాఠాన్ని వీళ్లు ప్రాణప్రదంగా పాటించారంతే. రెండు చేతులెత్తేవాడంటే ఊళ్లో ఒక హోదా. తల్లి పేరా భార్య పేరా కూడా పొలమున్న పెద్దరైతు ఒకాయన ఉండేవాడు. మూడో చెయ్యి లేక, రెండు చేతులూ ఎత్తి పళ్లతో తువ్వాలు కరిచి పట్టుకుని ఊపేవాడు. పుట్టినప్పటి నుంచి చూస్తున్నవాణ్ణి గనక నాకది వింతగా తోచలేదు. మాస్టారికి చెప్పాలని అసలు తోచలేదు.

సమావేశం రోజు సంఘం స్థలంలోనే పందిరి వేశారు. కుర్చీల్లో కమిటీ, మాస్టారు. పట్టాల మీద మగవాళ్లు. పందిరి అవతల బోరింగు దగ్గర బిందెలు పట్టుకుని ఆడవాళ్లు. (ఆ రోజు బోరింగు దగ్గర రద్దీ కాస్త ఎక్కువగానే ఉందని నేను గమనించాను. ఎండలు కదా అనుకున్నాను.) మావయ్య లేచి గొంతు సవరించుకుని, గోడౌను తలుపు బోరింగు వైపు పెట్టాలని ప్రతిపాదించాడు. కమిటీ పెద్దాయన చలువ కళ్లద్దాలు తీసి, "ఎవరైనా వ్యతిరేకించేవారున్నారా?" అని అడిగాడు. నేను బాబాయికేసి కనుసైగ చేశాను. బాబాయి లేచాడు. కమిటీని చూశాడు, జీపును చూశాడు, మావయ్య మీసం చూశాడు. ఆఖరికి కళ్లు గట్టిగా మూసుకుని, "నేను... బలపరుస్తన్నా!" అని అరిచి కూలబడ్డాడు.

"అయితే అనుకూలమైనవారు చేతులెత్తండి," అన్నాడు పెద్దాయన నిట్టూర్చి.

పందిరంతా చేతులు లేచాయి. ఒక్కొక్కరివి రెండేసి. పోలీసులొచ్చి చుట్టుముట్టినట్టు ఊరి రైతాంగమంతా రెండు చేతులూ ఆకాశానికెత్తి కూర్చుంది. వెనక వరసలో తువ్వాలు కూడా ఊగుతోంది. కమిటీవాళ్లు భయపడి లేచి నిలబడ్డారు.

"ఇదేమిటయ్యా?" అన్నాడు పెద్దాయన.

మావయ్య ఎత్తిన చేతులు దించకుండా, ఎంతో మర్యాదగా వివరించాడు. "కుడిచెయ్యి నాదండీ. ఎడంచెయ్యి మా ఇంటిదానిది. సభ్యత్వానికొక చెయ్యని సారే మాకు నేర్పిచ్చారు."

పెద్దాయన మెల్లగా మాస్టారి వైపు తిరిగాడు. "ఇదేనా, ఇన్నేళ్లూ మీరు నేర్పింది?"

మాస్టారి మొహం నేను చూడలేకపోయాను. దూది రాలని చోట కూడా మనిషి అంత తెల్లబడతాడని నాకు తెలియదు. ఇంక అయిపోయింది, ట్రంకుపెట్టె నేనే మోయాలి అనుకుంటూ ఉండగా, పందిరి అవతల బోరింగు చుట్టూ ఉన్న రాతి చప్తా మీద బిందె ఠంగున పెట్టిన చప్పుడయింది.

"అయ్యా, ఆ ఎడంచెయ్యి నాదంటన్నాడుగా," అంది మా అత్త. "నాదైతే దించమనండి. నేను ఎత్తలా."

మావయ్య చేతులు పైనే ఉన్నాయి. "ఏమే, నీకేవన్నా పిచ్చి పట్టిందా? ఇంటికి పో!" అన్నాడు.

"ఇంటికి పోతే నా చెయ్యి ఇక్కడుండిపోద్ది. ముందు దించయ్యా."

మాస్టారు కుర్చీలోంచి లేచారు. పందిరి దాటి, ఎండలోకి, బోరింగు చప్తా దాకా నడిచి వెళ్లి, అత్త ముందు నిలబడి, "తలుపు ఇటువైపు ఎందుకు వద్దమ్మా?" అని అడిగారు. అంతవరకూ ఆ మాట ఆమెను అడిగినవాళ్లు లేరు. అందుకేనేమో అత్త ఒక్క క్షణం తడబడి, కొంగు సరిచేసుకుంది. తరువాత చెప్పింది, "తెల్లారకముందే ఇక్కడికొచ్చి పిల్లలకు నీళ్లు పోసుకుంటాం. బట్టలుతుక్కుంటాం. మొగోళ్లు లేని చోటని ఆడోళ్లం కాసేపు మాట్టాడుకుంటాం. తలుపు ఇటు పెడితే లారీ ఇటే వస్తది, బస్తాలు మోసేవోళ్లు ఇక్కడే కూచుని చుట్టలు కాలుస్తారు. మేం యాడికి పోవాల? ఊళ్లో మాకున్నది ఈ బండంతే సారూ. రోడ్డేపు పెట్టుకోండి."

వెనకనుంచి బాబాయి భార్య గొంతు వినపడింది, "మా ఆయన చెయ్యి కూడా దించమనండి!" బాబాయి కంగారులో రెండూ దించేశాడు. "ఒకటి చాలయ్యా, రెండోది నీదే!" అని ఆమె కసిరితే, ఏది తనదో తేలక మళ్లీ రెండూ ఎత్తాడు. అప్పుడు నవ్వు పుట్టింది. ఆ నవ్వులో పందిరంతా ఎడంచేతులు ఒక్కొక్కటిగా దిగాయి. పెద్దరైతు నోట్లో తువ్వాలు కూడా దిగింది, ఆయన తల్లి కర్ర పట్టుకుని వచ్చి నిలబడింది మరి. ఆఖరుగా దిగింది మా మావయ్యది. దించి, ఆ చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు, కుడిచేత్తో పట్టుకుని నిలబడ్డాడు. మాస్టారు మళ్లీ ఓటు పెట్టారు. వద్దనేవాళ్లను చేతులెత్తమంటే బోరింగు దగ్గర గాజుల చేతులన్నీ లేచాయి, పందిట్లో కొన్ని కుడిచేతులూ వాటితో కలిశాయి. ఫలితం చెప్పాల్సింది ప్రెసిడెంటు. మావయ్య ఎడంచెయ్యి ఇంకా వదలకుండానే, "తీర్మానం వీగిపోయింది" అన్నాడు. తరువాత ఎవరూ అడక్కపోయినా, "తలుపు రోడ్డేపు" అని కలిపాడు.

ఆ పూట ఇంట్లో భోజనాలప్పుడు మావయ్య అత్తతో మాట్లాడలేదు. ఆమె కూడా పట్టించుకోకుండా గోంగూర పచ్చడి ఇంకాస్త వడ్డించింది. మర్నాడు మాత్రం ఆయన అరుగు మీద కూర్చుని, దారిన పోయే ప్రతి ఒక్కరినీ ఆపి, "మా ఇంటిది నోరు తెరిస్తే కమిటీవోళ్లు నోరు మూసుకున్నారు, చూశావంట్రా?" అనడం నేను చెవులారా విన్నాను. కమిటీ పెద్దాయన అన్న మాట నిలబెట్టుకున్నాడు. కొద్దిరోజులకే ఉత్తర్వు వచ్చింది, సంస్థ నరసరావుపేటలోనే కొనసాగుతుందని. మాస్టారు ఆ కాగితం రెండుసార్లు చదివి, కళ్లజోడు తుడుచుకుని, షెడ్డులో ఉన్నవాళ్లందరికీ టీ ఇప్పించారు. ఆ రోజు వ్యతిరేకించేవాళ్లు ఎవరూ లేరు, ఆయన అడగనూ లేదు.

ఇక్కడితో ఆపితే బాగుంటుంది. కానీ మొదట్లో దేవుడి పేరు ఎత్తాను గనక, కల్పించింది ఏదో చెప్పాలి. మీరు ఆ తువ్వాలే అనుకుని ఉంటారు. కాదు, తువ్వాలు నిజం. ఎడంచేతులు నిజం, అత్త అన్న మాటలు నిజం. నేను కల్పించింది ఆ ఉత్తర్వును. పెద్దాయన బాగానే రాశాడట, కానీ ఆయన రాసింది చేరేసరికే పైన నిర్ణయం జరిగిపోయింది. బల్లలూ బోర్డూ లారీ ఎక్కాయి. బోర్డు లారీలో కూడా పట్టక అడ్డంగా కట్టారు. నా తాత్కాలిక ఉద్యోగం శాశ్వతంగా పోయింది. మాస్టారు ప్రధాన ఆవరణలో ఒక గదిలో, ఫ్యాను కింద, రైతుల్లేకుండా రిటైరయ్యారు. టీ ఇప్పించినవాళ్లు ఎవరూ లేరు.

ఎప్పటినుంచి ఆ ఉత్తర్వును కలిపి చెబుతున్నానో నాకే గుర్తులేదు. చాలా ఏళ్ల తరువాత మావయ్య మనవరాలి పెళ్లిలో, విడిదింట్లో నలుగురూ పోగై "ఎడంచెయ్యి కథ చెప్పు" అంటే, రెచ్చిపోయి ఉత్తర్వుతో సహా చెప్పేశాను. అందరూ నవ్వుకుంటూ భోజనాలకు లేచారు. అప్పుడు చూశాను, వెనక గోడ పక్కన ప్లాస్టిక్ కుర్చీలో, చేతికర్ర మీద గడ్డం ఆనించుకుని మా మాస్టారు. అత్త కబురుపెట్టి పిలిపించిందట. నాకు నెత్తిన పిడుగు పడ్డట్టయింది. దగ్గరికెళ్లి, "సార్, ఆ చివర నేను..." అని నసిగాను. ఆయన చెయ్యి అడ్డంగా ఊపి, పక్కన కుర్చీ చూపించారు.

"తరువాత ఏమైందోయ్?" అన్నారు.

"దేనికి సార్?"

"సంస్థకే. నరసరావుపేటలో ఉంచారన్నావుగా. ఆ షెడ్డులోనే ఉందా ఇంకా?"

ఆయన మొహంలో నవ్వు లేదు, కోపమూ లేదు. అడిగిన మనిషి జవాబు కోసం కనిపెట్టుకుని ఉన్నాడంతే. నేను కూర్చున్నాను. "లేదు సార్, సొంత భవనం కట్టాం. సత్తెనపల్లి రోడ్డులో. రెండంతస్తులు" అన్నాను.

"ఆడవాళ్లకు హాస్టలు?"

"కింద అంతస్తంతా వాళ్లదే సార్. పై అంతస్తు క్లాసులకి."

"మరి మగవాళ్లు ఎక్కడ పడుకుంటారోయ్?" అన్నారు మాస్టారు దిగులుగా.

ఇప్పుడు తలచుకుంటే నవ్వొస్తుంది. నడివయసు వచ్చి, జుట్టు నిజంగానే నెరిసి, పంక్తిలో నా ఆకులో అన్నం చల్లారిపోతుంటే పట్టించుకోకుండా, ఆ ముసలాయన పక్కన కూర్చుని నేను ఇంకో అంతస్తు వేశాను.